జిగురునీళ్ల ముసుగు

సినిమా హాలు మీద కట్టే పెద్ద బొమ్మలకు ముఖాలు వేసేది మా పిన్ని అన్న సంగతి ముగ్గురికే తెలుసు. పిన్నికి, బాబాయికి, నాకు. మిగతా వీధంతా అవి బాబాయి చేతి పని అనుకునేది. మాస్టారు అంటే బాబాయే. హాలు మేనేజరు ఫొటోలు తెచ్చి బాబాయి చేతికే ఇచ్చేవాడు. బొమ్మ హాలు నెత్తికెక్కిన రోజు టీ కొట్టు దగ్గర అందరూ మెచ్చుకునేదీ బాబాయినే. ఆ వేళకి పిన్ని మేం బొమ్మలు వేసే షెడ్డులో కుంచెలు కడుగుతూ ఉండేది.

మొదట్లో ఇలా లేదు. నా చదువు మధ్యలో ఆగిపోయి నేను వాళ్లింటికి వచ్చేసరికి ముఖాలు, చేతులు బాబాయి వేసేవాడు. మంటలు, పొగ, మబ్బులు, పగిలే అద్దాలు పిన్ని వేసేది. "మీ పిన్ని ఇల్లు తగలబెడుతుంది, నేను మనుషుల్ని నిలబెడతాను" అని బాబాయి నాతో అంటుంటే, "నేను తగలబెట్టకపోతే మీ మనుషులు నిలబడి ఏం చేస్తారు, చలి కాచుకోవడానికి కూడా ఉండదు" అని పిన్ని అనేది.

తరవాత బాబాయి కుడి చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు ఎత్తేటప్పుడే. ఆ పైన కుంచె పట్టుకున్నా. ఒకరోజు ఒక హీరోయిన్ కింది పెదవిని పొద్దుటినుంచి వేస్తూ, తుడుస్తూ, వేస్తూ, చివరికి కుంచె బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. పిన్ని కాసేపు ఆ పెదవినే చూసి, తలుపు దగ్గరికి వేసి, తనే పూర్తి చేసింది. మర్నాడు మేనేజరు వచ్చి ఆ పెదవి ముందే నిలబడి, "అదీ మాస్టారూ! నేను పని ఇచ్చేది ఈ దుకాణానికి కాదు, మీ చేతికి. ఈ చెయ్యి లేకపోతే పక్క వీధిలో చౌకగా వేసేవాళ్లు లేరా?" అన్నాడు. బాబాయి నవ్వాడు. పిన్ని నేల చూసింది. దాని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ ఆ రోజునుంచి షెడ్డు తలుపు మూసే ఉండేది.

మూలన పెట్టే సంతకం మాత్రం బాబాయే పెట్టేవాడు. ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి. అది వంకర పోతే కొత్త తరహా అనుకున్నారు జనం. నేను తలుపు బయట కూచుని రంగులు నూరేదాన్ని. ఎవరైనా వస్తుంటే దగ్గాలి. అంతే నా పని. ఊరికే దగ్గుతున్నానని టీ కొట్టాయన ఒకసారి శొంఠి పంపించాడు.

ఇంతలో సూపర్ హీరోల సినిమాలు వచ్చిపడ్డాయి. వీధిలో పిల్లలందరి మెడలకీ తువ్వాళ్లే. పళ్లపొడి డబ్బా మీద ముసుగు, నోటుపుస్తకం అట్ట మీద ముసుగు. హాలు ఎదురుగా కొట్టు ఉన్న మంగలి ఒక్కడే ఏడ్చేవాడు.

"ఇదివరకు శుక్రవారం బొమ్మెక్కితే శనివారం ఆ క్రాపే కావాలని వరస కట్టేవాళ్లు. ఇప్పుడు చూడండి మాస్టారూ, అందరికీ బోడి టోపీలే. ముసుక్కి క్రాపేం చేస్తాను?"

"ముసుగు కుట్టడం నేర్చుకో" అనేవాడు బాబాయి.

పిన్నికి ఆ వీరులు నచ్చేవాళ్లు కాదు. గాలిలో ఎగిరేవాడికి తొడలు అంత లావెందుకని, నడవని మనిషికి అంత మంచి జోళ్లెందుకని గొణిగేది. అయినా వేసేది. దుప్పటి అని అందరం పిలుచుకునే, వాళ్ల భుజాల వెనక వేలాడే బట్ట ఎగురుతున్నట్టు వేయడంలో ఆమె మంటల చెయ్యి బాగా పనికొచ్చింది. ముసుగుతోనే చిక్కు.

ముసుగు వేయాలంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు లోపలి ముఖం పూర్తిగా వేయాలి. ముక్కు, చెంప ఎముక, కనుబొమ అన్నీ. అది ఆరాక దాని మీద ముసుగు వేయాలి. "లోపల మనిషి లేకపోతే ముసుగు బుట్టకి కట్టిన గుడ్డలా ఉంటుంది" అని బాబాయి నేర్పిన మాట.

అప్పుడు రాబోతున్న ఒక ముసుగు సినిమాకి లోపలి మనిషి ఎవరో ఎవరికీ తెలీదు. ముసుగు వెనక ఎవరు అని గోడలన్నిటి మీదా రాశారు. చివరి రీలు దాకా హీరో ముఖం చూపించరట. టీ కొట్టు దగ్గర పందేలు. మేనేజరు తెచ్చిన ఫొటోలన్నీ ముసుగువే.

"ముఖం ఉన్న ఫొటో ఒక్కటైనా ఉందా?" అన్నాడు బాబాయి.

"నాకే తెలీదు మాస్టారూ. తెలిసినా చెప్పకూడదట. హాల్లో తుడిచే ఆవిడ చేత కూడా ఒట్టేయించుకున్నారు."

పిన్ని ఆ ఫొటోలు ముందు పెట్టుకుని కూచుంది. "ముఖం లేకుండా ముసుగు ఎక్కడ తగిలించను?"

"ఎవరిదో ఒకరిది వేసెయ్. ఎలాగూ కప్పేసేదే కదా" అన్నాడు బాబాయి, చెప్పులేసుకుంటూ.

పిన్ని వేసింది. గుడ్డ మీద బొగ్గుతో గళ్లు గీసి, గడి తరవాత గడిగా. మూడో వరస గళ్లు నిండేసరికి నేను రంగు అందిస్తున్న చెయ్యి ఆపేశాను. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు. ముక్కు దూలం ఒక పక్కకి ఒరిగింది. ఇప్పటి బాబాయి కాదు, చెయ్యి వణకక ముందటి బాబాయి. ఎదుటివాణ్ణి కొలుస్తున్నట్టు సూటిగా చూసే ఆ చూపు ఈమధ్య ఆయనలో లేదు.

"పిన్నీ, ఇది..."

"నోరు మూసుకో. చూడకుండా నా చేతికి వచ్చే ముఖం ఇదొక్కటే."

ఆ ముఖం ఆరాక దాని మీద ఎర్ర ముసుగు వేసింది. లోపల మనిషి ఉన్నట్టు చక్కగా అమరింది. బాబాయి వచ్చి చూసి, తల పంకించి, మణికట్టు పట్టుకుని సంతకం పెట్టాడు. లోపల ఉన్నది ఎవరో ఆయనకి తెలియలేదు.

గురువారం పొద్దున్నే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. నాకు దగ్గు కూడా సరిగా రాలేదు.

"మాస్టారూ, కొంప మునిగింది. ముసుగు ఎరుపు కాదట, నలుపట! సినిమా కంపెనీ వాళ్లు మార్చేశారు. సాయంత్రానికి బొమ్మ పైకెక్కాలి. రేపు వాళ్ల మనిషి స్వయంగా వస్తున్నాడు."

బాబాయి ఆయన్ని టీ కొట్టుకి తీసుకుపోయాడు. పిన్ని తలుపు మూసి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ఎరుపంతా తుడిచేసింది. పచ్చి రంగు కనక వచ్చేసింది. అడుగున ఎప్పుడో ఆరిన ముఖం మాత్రం చెక్కుచెదరకుండా బయటపడింది. బాబాయి అంత పొడుగున ఆ షెడ్డులో పడుకుని మమ్మల్ని చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు కదిలింది.

"అయిందా?" బయటినుంచి బాబాయి.

"లోపలికి రాకండి! కిరసనాయిలు వాసన, మీకు పడదు" అంది పిన్ని. ఆమె చేతిలో గుడ్డ నేలమీద పడిపోయింది. బాబాయి అడుగులు వెనక్కి వెళ్లేదాకా మేమిద్దరం కదల్లేదు.

నలుపు అన్ని రంగుల్లోకీ మొండిది. నూనెలో కలిపితే రోజుల తరబడి వేలికి అంటుకుంటూనే ఉంటుంది. సాయంత్రానికి ఆరే మాటే లేదు. పిన్ని కాసేపు గోళ్లు కొరుక్కుంది. తరవాత మసిపొడిలో జిగురునీళ్లు పోసి కలిపింది. నాటకాల తెరలకి అలాగే వేస్తారు, ఇట్టే ఆరిపోతుంది. నూనె రంగు మీద నీళ్ల రంగు నిలవదు కనక ముందు ముఖమంతా సుద్దపొడి రుద్ది, దాని మీద పట్టించింది. మధ్యాహ్నానికి ఆరింది. నూనె మెరుపు లేని ఆ నలుపు బావిలోకి చూసినట్టు ఉంది.

"ఇంత లోతు ఎలా తెచ్చావు?" అన్నాడు బాబాయి.

"వచ్చింది" అంది పిన్ని.

వేలితో ముట్టుకుని ఉంటే ఆయనకి తెలిసిపోయేది. కానీ ఆయన చేతులు జేబుల్లోంచి తీయలేదు. సంతకానికీ తిండికీ తప్ప ఈమధ్య ఎప్పుడూ తీయడు.

బొమ్మ ఎక్కింది. శుక్రవారం పొద్దున హాలు ముందు జనం విరగబడ్డారు. తువ్వాళ్ల పిల్లలంతా దాని కింద నిలబడి చేతులు చాచి ఎగిరారు. బాబాయి టీ కొట్టు దగ్గర రాజులా కూచున్నాడు. పిన్ని మాత్రం కాలు కాలిన పిల్లిలా గుమ్మంలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. నేను బియ్యం ఏరుతున్నాను.

"ఏమే, ఆ పడమట ఉన్నది మబ్బా, పొగా?"

లేచి చూశాను. "మబ్బులా ఉంది పిన్నీ."

"ఇది వానల కాలం కాదు."

"కాదు."

"కాదు కదా, మరి ఆ మబ్బెందుకు వచ్చింది?" అని నన్నే కోప్పడింది. తరవాత నా పక్కన కూలబడింది. "జిగురే. వాన తగిలితే నిమిషం నిలవదు. మేనేజరు వచ్చి మాస్టారూ ఎక్కండి, సరిచేయండి అంటాడు. ఆ చేత్తో ఎలా ఎక్కుతారు? ఎక్కకపోతే పని మొత్తం పక్క వీధికి పోతుంది. పోతే పోయింది. కానీ ఆ ముఖం... వీధంతా ఆ ముఖం చూసి నవ్వితే ఆయన మళ్లీ ఆ టీ కొట్టు మొహం చూడరు. ఆయనకి మిగిలింది ఆ బల్ల ఒక్కటే."

"బాబాయికి ముందే చెప్పెయ్ పిన్నీ."

"చెబుతాను. అన్నానికి రానీ."

బాబాయి అన్నానికి వచ్చాడు. ఎడమచేతి చెంచాతో తింటూ, కంపెనీ మనిషి బొమ్మ చూసి ఏమన్నాడో చెప్పాడు. "కాగితం మీద అచ్చేసిన మా బొమ్మకన్నా ఇదే బావుందన్నాడు. అందరి ముందూ!" అలా మాట్లాడుతూ చెంచా కుడిచేతికి మార్చుకున్నాడు. అన్నం మెతుకులు చాప మీద రాలాయి. ఆయన గమనించలేదు, అంత సంతోషం. పిన్ని నోరు తెరిచి, ఇంకొంచెం పులుసు వేసింది. ఆమెకి మాత్రం ముద్ద దిగలేదు. ఆయన వెళ్తుంటే గుమ్మందాకా వెళ్లింది. అక్కడా చెప్పలేదు.

ఆయన వీధి మలుపు తిరిగేసరికి మొదటి చుక్క మా రేకు మీద పడింది.

పిన్ని నూనె నలుపు డబ్బా, కుంచె, గుడ్డలు కొంగులో వేసుకుని పరుగెత్తింది. నేను వెనకాల. హాలు చేరేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. జనమంతా చూరుల కిందికి చేరి ఒకే వైపు చూస్తున్నారు. ముసుగు నుదుటి దగ్గర మొదలుపెట్టి కారుతోంది. నల్లటి చారలు గడ్డం మీదుగా ఎర్ర దుప్పటి మీదికి జారుతున్నాయి. గాటు ఉన్న కనుబొమ బయటికి వచ్చింది.

"ఒరేయ్, లోపల ఎవరో ఉన్నార్రా!" అని టీ కొట్టాయన కేకేశాడు.

"హీరో బయటపడుతున్నాడు! పందెం, పందెం!"

"ఆగండ్రా, ముక్కు రానీండి."

ముక్కు వచ్చింది. వంకర ముక్కు. జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఎవరూ పోల్చలేదు. ఇలాగే గడిచిపోతుందేమో అనుకున్నాను. కానీ మంగలి చేతిలో కత్తితోనే బయటికి వచ్చి నిలబడ్డాడు. నెలనెలా ఆ గాటు పక్కన కత్తి నడిపేది అతనే.

"మాస్టారూ!" అన్నాడు. "మీరు ఎగరడం ఎప్పుడు నేర్చుకున్నారండీ?"

ఒక్కసారిగా నవ్వులు. "తన బొమ్మ తనే వేసుకున్నాడ్రోయ్!" "ఇంటి మనిషే హీరో అయితే టికెట్ దేనికి?" "మాస్టారూ, దుప్పటి ఉతికించారా?" టీ కొట్టు చూరు కింద బాబాయి బల్ల మీంచి లేచాడు. తల ఎత్తి ఆ ముఖాన్ని చూస్తూ ఉండిపోయాడు. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు నా చర్మంలో దిగాయి.

వాన వచ్చినంత వేగంగానే వెలిసింది. హాల్లోంచి మేనేజరు తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటిది మాస్టారూ! ఇదేం పరాచికం? కంపెనీ మనిషి లోపలే ఉన్నాడు, ఆట వదిలితే బయటికి వస్తాడు. ఎక్కండి. ఇప్పుడే ఎక్కి కప్పేయండి."

బాబాయి పిన్ని వైపు చూశాడు. దగ్గరికి వచ్చి ఆమె కొంగులోంచి డబ్బా, కుంచె తీసుకుని నిచ్చెన దగ్గరికి నడిచాడు. ఒక మెట్టెక్కాడు. వీధిలో ఆ కుడిచెయ్యి జేబులోంచి బయటికి వచ్చి చాలా కాలమైంది కనక ఎవరూ దాన్ని సరిగా చూసినట్టు లేదు. ఇప్పుడు చూశారు. కుంచె కాడ డబ్బా అంచుకి కొట్టుకుంటూ టకటకమంటోంది. ఆ చప్పుడు వీధి అవతలికి కూడా వినిపించింది. మంగలి నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇంకో మెట్టు. పైన పరంజా చెక్కలనుంచి నీళ్లు కారుతున్నాయి.

"దిగండి" అంది పిన్ని.

"నువ్వు ఊరుకో. అందరూ చూస్తున్నారు" అన్నాడు బాబాయి, పెదవులు కదపకుండా.

"చూడనివ్వండి. పడితే నడుం విరుగుతుంది. దిగండి ముందు."

"నేను ఎక్కకపోతే తెలిసిపోతుంది."

"తెలియనీండి." పిన్ని గొంతు పెరిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వీధిలో వినలేదు. "వేసింది నేను, కప్పేదీ నేనే. మీకు తెలియకుండా మీ ముఖం వేసిందీ నేనే. డబ్బా ఇలా ఇవ్వండి."

"ఏమంటున్నారమ్మా మీరు?" అన్నాడు మేనేజరు. పిన్ని డబ్బా కోసం చెయ్యి చాచింది. బాబాయి మెల్లిగా దిగి డబ్బా ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు రంగు కాస్త ఆమె మోచేతి మీద ఒలికింది. ఆమె చెప్పులు విడిచి నిచ్చెనెక్కింది. ఇన్నేళ్లలో ఆమె పరంజా ఎక్కడం అదే మొదలు. నేను నిచ్చెన కాలు పట్టుకున్నాను. తడి నేల మీద అది జారుతూనే ఉంది. మంగలి కత్తి మడిచి జేబులో పెట్టి, "తప్పుకోమ్మా, నేను పట్టుకుంటాను" అన్నాడు. నా మొహం చూడకుండానే అన్నాడు.

పైన పిన్ని గుడ్డతో చెంప మీది నీళ్లు తుడిచింది. కుంచె ముంచింది. ఆగిపోయింది. షెడ్డులో నేల మీద పరిచి గడి తరవాత గడిగా వేసిన ముఖం, ఇప్పుడు నిటారుగా నిలబడి ఆమెకన్నా పెద్దదై ఎదురుగా ఉంది. అంత దగ్గరినుంచి అది ముఖం కాదు, గోడ. చెంప ఎక్కడ అయిపోతుందో, చెవి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కుంచె పట్టిన చెయ్యి ఎటూ పోలేక గాలిలో నిలబడింది. ఆమె కింద చెక్క కిర్రుమంది. కింద ఎవరో "పడుతుందేమోరా" అన్నారు.

బాబాయి ఒక్క ఉదుటున రోడ్డు దాటాడు. బస్సు హారన్ కొడుతున్నా ఆగలేదు. నేనూ ఆయన వెనకే పరుగెత్తాను. అవతలి పేవ్‌మెంటు మీద నిలబడి వెనక్కి తిరిగి, బొమ్మంతా ఒకసారి చూసి కేకేశాడు.

"ఎడమకి! చెవి నీ ఎడంచేతి దగ్గర ఉంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టు!"

పిన్ని కుంచె కదిలింది.

"కిందికి లాగు. ఇంకా. చాలు! కాలు వెనక్కి వెయ్యకు, వెనకాల చెక్క లేదు! ఇప్పుడు ముక్కు పక్కకి రా. పల్చగా. దూలం మీద పల్చగా!"

"లోపలి ముక్కు కనిపిస్తోందా?" పైనుంచి పిన్ని.

"కనిపించాలి. వంకర వంకరగానే ఉండనీ, సరిచేయకు!"

చూరుల కింద జనం ఒకసారి ఆమె వైపు, ఒకసారి ఆయన వైపు తలలు తిప్పుతున్నారు. ఒక్కడూ నవ్వడం లేదు. ఆయన చెయ్యెత్తి చూపిస్తున్నాడు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. అయినా దాన్ని దింపలేదు.

మేనేజరు రోడ్డు దాటి వచ్చి మా పక్కన నిలబడ్డాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ కాసేపు పైకి చూశాడు. ఆయన నోట్లోంచి పక్క వీధి అన్న మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను.

"ఎన్నాళ్లనుంచి మాస్టారూ?" అన్నాడు చివరికి.

"చాలా కాలంనుంచి." బాబాయి కళ్లు బొమ్మ మీంచి తిప్పలేదు. "కన్ను వదిలెయ్! కన్ను కప్పకు!"

మేనేజరు మళ్లీ పైకి చూశాడు. చెవి దగ్గరినుంచి నలుపు చెంప మీదికి వస్తోంది. లోపల మనిషి ఉన్నట్టే ఉంది. చొక్కా లోపల దాచి తెచ్చిన కవరు బయటికి తీశాడు. వచ్చే వారం బొమ్మకి ఫొటోలు. దాన్ని బాబాయి వైపు చాపబోయి ఆగాడు.

"మరి ఇవి... ఎవరికి ఇవ్వమంటారు?"

"ఆవిడ దిగాక ఆవిడనే అడగండి" అన్నాడు బాబాయి. "ఇప్పుడు మాత్రం పిలవకండి. చెక్క తడిగా ఉంది."